పీఆర్ మెడికల్‌కి వెళ్లేముందు ఇంట్లో పాత ఫైళ్లు వెతకండి

మా పిన్ని కూతురు గుంటూరు బ్రాడీపేటలో ఉంటది, దానికి కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (చదువు, ఉద్యోగం చూసి పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు ఇచ్చే పద్ధతి) ఐటీఏ, అంటే పీఆర్‌కి అప్లై చేసుకోమనే పిలుపు వచ్చింది, వచ్చిన రోజు నుంచి రోజూ రాత్రి ఒకటే ఫోన్లు, అక్కా మెడికల్‌కి ఏం పట్టుకెళ్లాలి, అక్కా మీ మరిదికి బీపీ ఉంది కదా ఆపేస్తారా, అక్కా పిల్లాడికి కూడా రక్తం తీస్తారా అని. దానికి చెప్పినవన్నీ ఒకచోట రాసి పెడితే ఇంకెవరికైనా పనికొస్తాయని రాస్తున్నా. నేను ఈ మెడికల్ చాలా భయపడి చేయించుకున్నదాన్ని, ఎందుకంటే ఇంటర్‌లో ఉండగా నాకు టీబీ వచ్చి తగ్గింది. ఆ సంగతి తర్వాత వివరంగా చెప్తా, టీబీ వచ్చి తగ్గినవాళ్లు మాత్రం తప్పకుండా చివరిదాకా చదవండి.

ముందు ఒక సంగతి. ఈ మెడికల్ గల్ఫ్ మెడికల్ లాంటిది కాదు. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లకి ఫిట్, అన్‌ఫిట్ అని తేలుద్ది, మనూళ్లో అందరికీ ఆ మాటే అలవాటు కాబట్టి దీన్ని కూడా అలాగే అనుకుంటారు. ఇక్కడ మనల్ని చూసే డాక్టర్ ఏమీ తేల్చడు, చూసింది చూసినట్టు ఈమెడికల్ అనే ఆన్‌లైన్ సిస్టమ్‌లో ఎక్కిస్తాడంతే, నిర్ణయం ఐఆర్‌సీసీ, అంటే కెనడా ఇమిగ్రేషన్ శాఖ వాళ్లది. అందుకని డాక్టర్ని సార్ నేను పాసయ్యానా అని అడిగినా ఉపయోగం ఉండదు, ఆయనకీ తెలియదు.

ఇంకోటి, ఏ డాక్టర్ పడితే ఆ డాక్టర్ చేయకూడదు. సూర్యారావుపేటలోనో కొత్తపేటలోనో మీకు ఎంత పెద్ద డాక్టర్ తెలిసినా, ఆయన మీ ఒంటి సంగతి పాతికేళ్లుగా చూస్తున్నా సరే, ఆ రిపోర్ట్ చెల్లదు. ఐఆర్‌సీసీ ఒప్పుకున్న ప్యానెల్ ఫిజీషియన్లే చేయాలి, వాళ్ల లిస్టు ఐఆర్‌సీసీ వెబ్‌సైట్‌లోనే ఉంటది, దేశం, ఊరు కొడితే వస్తది. లిస్టు మారుతూ ఉంటది, అందుకని ఎవరో రెండేళ్ల కింద చెప్పిన పేరు పట్టుకుని బయల్దేరొద్దు, బుక్ చేసే రోజు చూసి బుక్ చేయండి. మేం హైదరాబాద్ వెళ్లాం.

ఎప్పుడు చేయించాలి అంటే, 2025 ఆగస్టు 21 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ వాళ్లు అప్లికేషన్ సబ్మిట్ చేయకముందే మెడికల్ చేయించుకుని ఆ రుజువు అప్లికేషన్‌తో పాటు పెట్టాలి. ఐటీఏ వచ్చాక మనకి ఉండేది 60 రోజులు. అందులో పోలీస్ క్లియరెన్స్, ఎంప్లాయర్ లెటర్లు, బ్యాంకు కాగితాలు అన్నీ చేయాలి, చాలామంది మెడికల్ ఒక పూట పనేగా అని ఆఖర్లో పెట్టుకుంటారు, అలా చేయొద్దు. ఐటీఏ వచ్చిన వారంలోనే అపాయింట్‌మెంట్ తీసేసుకోండి. అలాగని ఐటీఏ రాకుండానే మరీ ముందు చేయించుకోవడం కూడా మంచిది కాదు, మెడికల్ 12 నెలలే చెల్లుద్ది, ఫీజు తిరిగి రాదు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ కాకుండా వేరే దారిలో అప్లై చేసినవాళ్లకి చాలావరకు ఐఆర్‌సీసీ నుంచి లెటర్ వచ్చాకే వెళ్లాలి, లెటర్ వచ్చాక 30 రోజుల్లో మెడికల్‌కి వెళ్లాలి.

ఇంట్లో ఎవరెవరికి చేయించాలి అన్నదాంట్లో చాలామంది పొరపాటు పడుతున్నారు. మీతో రాకపోయినా సరే భార్య లేదా భర్తకి, డిపెండెంట్ పిల్లలకి మెడికల్ ఉండాల్సిందే. ముందు మేమిద్దరం వెళ్తాం, పాపని రెండేళ్లు అమ్మమ్మ దగ్గర ఉంచుతాం, తర్వాత తీసుకెళ్తాం అనుకునేవాళ్లు మనవైపు ఎంతమందో. ఆ పాప పేరు అప్లికేషన్‌లో పెట్టకుండా, మెడికల్ చేయించకుండా వదిలేస్తే తర్వాత ఫ్యామిలీ స్పాన్సర్‌షిప్‌లో తీసుకెళ్లడానికి అదే పెద్ద అడ్డం అవుద్ది. దయచేసి ఈ ఒక్కటీ నిర్లక్ష్యం చేయకండి.

పరీక్షలు ఏముంటాయంటే, ఎత్తు, బరువు, బీపీ, కళ్లు, గుండె, ఊపిరితిత్తులు స్టెతస్కోప్ పెట్టి వినడం, పాత జబ్బుల గురించి ప్రశ్నలు, ఇవి అందరికీ. 5 ఏళ్లు నిండినవాళ్లకి యూరిన్, 11 ఏళ్లు నిండినవాళ్లకి ఛాతీ ఎక్స్‌రే, 15 నిండినవాళ్లకి రక్తం తీసి హెచ్ఐవీ, సిఫిలిస్ (సుఖవ్యాధి), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే నంబర్) చూస్తారు. మా చెల్లి కొడుక్కి ఆరేళ్లు, వాడికి మామూలుగా యూరిన్ ఒక్కటే, సూది ఉండదు అని చెప్తే అప్పుడు దాని మనసు కుదుటపడింది. పిల్లల టీకాల కార్డు మాత్రం పట్టుకెళ్లండి.

షుగర్, బీపీ ఉన్నవాళ్లు దయచేసి నిద్ర మానుకోకండి. మందులతో కంట్రోల్‌లో ఉన్న షుగర్‌కీ బీపీకీ పీఆర్ ఆగదు. మీరు చేయాల్సింది, వాడే మందుల పేర్లు డోసుతో సహా ఒక కాగితం మీద రాసుకోవడం, ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ రిపోర్ట్‌లు పెట్టుకోవడం, మీ డాక్టర్ దగ్గర కంట్రోల్‌లోనే ఉంది అని ఒక లెటర్ రాయించుకోవడం, అంతే. ఆ రోజు పొద్దున బీపీ మాత్ర మానేసి వెళ్లేవాళ్లున్నారు, మాత్ర వేసుకుంటే జబ్బు ఉన్నట్టు తెలిసిపోద్దేమో అని, అలా వెళ్తే రీడింగ్ 160 దాటి అప్పుడు నిజంగానే ఇంకో నాలుగు పరీక్షలు రాస్తారు. మాత్ర వేసుకునే వెళ్లండి.

క్రియాటినిన్ గురించి కూడా ఒక మాట. మన ఎండలు తెలిసినవే కదా, మే నెలలో గుంటూరులో పొద్దున పదికే నోరెండిపోద్ది, నీళ్లు సరిగ్గా తాగకుండా, జిమ్‌కి వెళ్లేవాళ్లు క్రియాటిన్ పౌడర్ తాగుతూ, ముందు రోజు రాత్రి గట్టిగా మాంసం తిని వెళ్తే ఆ నంబర్ కొంచెం పెరిగే అవకాశం ఉంది. రెండు మూడు రోజుల ముందు నుంచి పౌడర్లు, గట్టి ఎక్సర్‌సైజులు ఆపి, నీళ్లు బాగా తాగండి. ఆడవాళ్లు నెలసరి రోజుల్లో అపాయింట్‌మెంట్ పెట్టుకోవద్దు, యూరిన్‌లో రక్తం కనిపిస్తే మళ్లీ రమ్మంటారు, అంతదూరం నుంచి ఇంకోసారి వెళ్లడం ఎంత కష్టమో. పరగడుపున రావాలా అని క్లినిక్‌కి ఫోన్ చేసి కనుక్కోండి, మాకైతే తినే రమ్మన్నారు.

జలుబు, దగ్గు, జ్వరం ఉంటే తేదీ మార్చుకోండి. మా చెల్లి మొగుడు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం, సీజన్‌లో రోజంతా ఆ ఘాటులో ఉండి ఇంటికొచ్చాక రాత్రిళ్లు దగ్గుతూనే ఉంటాడంట. దగ్గు తగ్గాకే వెళ్లమని చెప్పా. ఎక్స్‌రేలో చిన్న మసక కనిపించినా ఇండియా నుంచి వెళ్లేవాళ్లని ముందు టీబీ వైపే అనుమానిస్తారు, అది కాదని తేలేదాకా ఫైలు కదలదు.

ఎక్స్‌రే అంటే గుర్తొచ్చింది, ఇది ఎవరూ చెప్పరు. మెడలో తాడు, గొలుసు, తాయెత్తు అన్నీ తీయాలని అందరికీ తెలుసు, కానీ జడ సంగతి ఎవరూ పట్టించుకోరు. ఒత్తుగా బిగించి అల్లిన జడ భుజం మీదుగా పడితే దాని నీడ ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పైభాగంలో పడుద్ది, టీబీ మచ్చలు ఎక్కువగా వచ్చేది కూడా సరిగ్గా అక్కడే. నాకు అక్కడున్న టెక్నీషియన్ అమ్మాయి, అక్కా జుట్టు పైకి ముడేసుకోండి అని తనే రబ్బర్ బ్యాండ్ ఇచ్చింది. మీరు ఇంటి దగ్గర్నుంచే కొప్పు పెట్టుకుని, లోహపు పిన్నులు లేకుండా వెళ్లండి.

ప్రయాణం విషయం. గుంటూరు నుంచి పొద్దున బయల్దేరే గోల్కొండ ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్ చేరేసరికి మధ్యాహ్నం అవుద్ది, ఆ రోజే పొద్దున అపాయింట్‌మెంట్ ఉంటే పనికిరాదు. అందుకని చాలామంది విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగి, అక్కడే మొహం కడుక్కుని క్లినిక్‌కి వెళ్లిపోతారు. రాత్రంతా నిద్ర లేకుండా వెళ్తే బీపీ ఎక్కువ చూపిస్తది, మా ఆయనకి అదే అయింది, అరగంట పడుకోబెట్టి మళ్లీ చూశారు. బంధువులింట్లోనో లాడ్జిలోనో ముందు రోజే చేరి రాత్రి పడుకుని వెళ్లండి.

పట్టుకెళ్లాల్సినవి: ఒరిజినల్ పాస్‌పోర్టు, కళ్లజోడు లేదా లెన్స్‌లు ఉంటే అవి, ఫొటోలు (ఈమెడికల్ వాడే చోట అక్కడే తీస్తారు, అయినా నాలుగు దగ్గర పెట్టుకోండి), పాత రిపోర్ట్‌లు, ఐఆర్‌సీసీ లెటర్ వచ్చి ఉంటే అది. ఫీజు క్లినిక్‌ని బట్టి మారుద్ది, కార్డు తీసుకుంటారో లేదో ఫోన్లోనే అడగండి. ఇప్పటికే కెనడాలో చదువుకుంటూనో పనిచేస్తూనో అక్కడి నుంచే అప్లై చేసేవాళ్లయితే, గత ఐదేళ్లలో చేయించిన మెడికల్ ఉంటే ఆ ఐఎంఈ నంబర్ (ఆ మెడికల్‌కి ఇచ్చిన నంబర్) వాడుకునే వీలు ఉంటది, వెళ్లేముందు ఐఆర్‌సీసీ సైట్‌లో మీకు వర్తిస్తదో లేదో చూసుకోండి.

అంతా అయ్యాక ఒక షీట్ ఇస్తారు, మీ ఫొటో, పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబర్, ఐఎంఈ నంబర్ ఉంటాయి. అప్లికేషన్‌లో అప్‌లోడ్ చేయాల్సింది అదే. దాన్ని మడిచి బ్యాగ్‌లో పెట్టేయకుండా కౌంటర్ దగ్గరే నిలబడి పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. మనకి ఇంటిపేరు ఒకచోట సర్‌నేమ్‌లో ఉంటది, ఇంకోచోట పేరు ముందు అతుక్కుని ఉంటది, కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటది, పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు ఒక గొడవ. నా షీట్‌లో పాస్‌పోర్టు నంబర్‌లో 8 బదులు 3 పడింది. అక్కడే చూశా కాబట్టి రెండు నిమిషాల్లో మార్చేశారు, ఇంటికొచ్చాక చూసుంటే ఎన్ని మెయిల్స్ పెట్టాల్సి వచ్చేదో. రక్తం, ఎక్స్‌రే కాపీలు కావాలంటే కూడా అప్పుడే అడగాలి, తర్వాత ఐఆర్‌సీసీ తిరిగి ఇవ్వదు.

ఇక నా టీబీ సంగతి. 2011లో విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదువుతుంటే సాయంత్రం పూట జ్వరం, దగ్గు, బరువు తగ్గిపోయా. గవర్నమెంట్ ఆస్పత్రిలో తెమడ పరీక్ష చేసి టీబీ అని చెప్పి ఆరు నెలల మందులిచ్చారు, నా పేరు రాసిన ఎర్ర పెట్టె ఒకటి ఉండేది, రోజు మార్చి రోజు వెళ్లి వాళ్ల ఎదురుగా మింగాలి. పూర్తిగా తగ్గింది. కానీ మా ఇంట్లో ఆ మాట ఎత్తడం మానేశారు, ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి అని. మా ఆయనకి పెళ్లికి ముందే నేను చెప్పా, అత్తగారికి మాత్రం చెప్పలేదు.

మెడికల్ దగ్గర పడేసరికి భయం మొదలైంది. అప్పటికి మేం విజయవాడలో ఒక కన్సల్టెన్సీకి డబ్బులు కట్టి ఉన్నాం, అక్కడి అతను, మేడం తగ్గిపోయింది కదా, అడిగితే లేదని చెప్పేయండి, ఎవరికి తెలుసుద్ది అన్నాడు. ఈ సలహా వినొద్దు, చేతులు పట్టుకుని చెప్తున్నా. ఎక్స్‌రేలో పాత మచ్చ కనిపిస్తది, మీరు లేదన్నారు, ఫిల్మ్ ఉందంటది. టీబీ వచ్చి తగ్గడం తప్పు కాదు, దానికి పీఆర్ ఆపరు, కానీ దాచారని తేలితే అది మిస్‌రిప్రజెంటేషన్, అంటే అబద్ధం చెప్పి మోసం చేయడం కిందకి వస్తది, కెనడా ఐదేళ్లు రానివ్వదు. మచ్చ వల్ల పోయేది కొన్ని నెలలు, అబద్ధం వల్ల పోయేది ఐదేళ్లు.

అమ్మకి ఫోన్ చేసి పాత కాగితాలు ఉన్నాయా అంటే, ఒసేయ్ ఇప్పుడవన్నీ ఎందుకే, మీ అత్తగారికి తెలిస్తే ఏమనుకుంటారే అని ఏడుపు. అమ్మా అవి ఉంటేనే నాకు పని అవుద్ది, లేకపోతే ఆగిపోద్ది అని చెప్పాక బీరువా అడుగు అరలో, పట్టుచీరల కింద, పాత పేపర్లో చుట్టి దాచిన కవర్ తీసింది. పసుపుపచ్చ కవర్లో రెండు ఎక్స్‌రేలు, మందులు మొదలుపెట్టినప్పటిది ఒకటి, అయిపోయాక తీసింది ఒకటి, ట్రీట్‌మెంట్ కార్డు, దాని మీద ప్రతి డోసుకీ ఒక టిక్, చివర్లో నయమైందని సంతకం. పదేళ్లకి పైగా ఎవరికీ కనిపించకూడదని దాచిన ఆ కవరే నన్ను కాపాడింది.

ఎందుకంటే డాక్టర్ అడిగేవి ఆ కవర్లో ఉన్నవే, ఎప్పుడు వచ్చింది, ఏ మందులు, ఎన్ని నెలలు, పూర్తి చేశారా, అప్పటి ఎక్స్‌రే ఉందా. పాత ఫిల్మ్ పక్కన కొత్తది పెట్టి మచ్చ అలాగే ఉందా పెరిగిందా అని పోల్చుకుంటారు. పాతది లేకపోతే కొన్ని నెలలు ఆగి మళ్లీ ఎక్స్‌రే తీయించమనే అవకాశం ఉంది. మీ దగ్గర కాగితాలు లేకపోతే మందులిచ్చిన ఆస్పత్రికే వెళ్లి పాత రిజిస్టర్ చూసి లెటర్ ఇమ్మని అడగండి, ఈమధ్య వైద్యం చేయించుకున్నవాళ్లకి నిక్షయ్ ఐడీ (టీబీ రోగులకి ప్రభుత్వం ఇచ్చే నంబర్) ఉంటది, అది చాలా ఉపయోగం.

కాగితాలున్నా నాకు తెమడ పరీక్ష రాశారు. వరసగా మూడు రోజులు పొద్దున్నే వెళ్లి ఇవ్వాలి, కూకట్‌పల్లిలో మా బాబాయి వాళ్లింట్లో ఉండి ఇచ్చా. ఏమీ తినకుండా, నోరు నీళ్లతో పుక్కిలించి, లోపల్నుంచి గట్టిగా దగ్గి తీయాలి, ఉమ్ము ఇస్తే పనికిరాదు. నాకు అసలు దగ్గే లేదు, మొదటి రోజు ఎంత ప్రయత్నించినా రాలేదు, అప్పుడు ఉప్పునీటి ఆవిరి పట్టించారు, పది నిమిషాలకి వచ్చింది. రాకపోతే కంగారు పడకండి, ఆవిరి పట్టమని మీరే అడగండి. స్మియర్ (తెమడని మైక్రోస్కోప్‌లో చూసేది) రిజల్ట్ తొందరగా వస్తది కానీ కల్చర్‌కి (క్రిమి పెరుగుతుందేమో అని ల్యాబ్‌లో ఉంచి చూసేది) ఎనిమిది వారాల దాకా పడుద్ది, ఆ రెండు నెలలూ అకౌంట్‌లో ఏమీ మారదు, రోజుకి పదిసార్లు లాగిన్ అయి చూసినా అంతే. నెగటివ్ వచ్చాక మెడికల్ పాసయింది. ఒకవేళ టీబీ ఉందని తేలినా దారి మూసుకుపోదు, ముందు వైద్యం పూర్తి చేయించుకోమంటారు, తగ్గాక ఫైలు ముందుకెళ్తది. సిఫిలిస్ పాజిటివ్ వచ్చినా అంతే, వైద్యం చేయించుకుని ఆ కాగితం ఇవ్వాలి.

గర్భంతో ఉన్నవాళ్లకి ఎక్స్‌రే ప్రసవం అయ్యేదాకా వాయిదా వేసుకోవచ్చు, డాక్టర్‌కి ముందే చెప్పాలి, బిడ్డ పుట్టాక ఆ బిడ్డని కూడా అప్లికేషన్‌లో చేర్చి మెడికల్ చేయించాలి.

ఇంట్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు గానీ, డయాలసిస్ లాంటి పెద్ద వైద్యం జరుగుతున్నవాళ్లు గానీ ఉంటే లెక్క వేరుగా ఉంటది. వాళ్ల వైద్యానికి అక్కడి ప్రభుత్వానికి అయ్యే ఖర్చు ఒక పరిమితి దాటుద్దా అని చూస్తారు, 2025 లెక్కలో అది ఏడాదికి 27,162 కెనడా డాలర్లుగా ఉండేది. 2018లో ఈ పరిమితిని మూడు రెట్లు పెంచారు, స్పెషల్ ఎడ్యుకేషన్ ఖర్చు లెక్కలోంచి తీసేశారు, కాబట్టి ఆటిజం ఉన్న బాబుకి స్పెషల్ స్కూల్ కావాలన్న ఒక్క కారణంతో ఆశ వదులుకోకండి. అనుమానం ఉంటే వాళ్లు లెటర్ పంపుతారు, జవాబుకి 90 రోజులు ఇస్తారు. ఆ లెటర్‌కి మాత్రం సొంతంగా రెండు లైన్లు రాసి పంపకుండా, స్పెషలిస్ట్ డాక్టర్ రిపోర్ట్, మందుల అసలు ఖర్చు, మీ ప్లాన్ అన్నీ కలిపి తెలిసిన లాయర్‌తో రాయించండి. ఇక్కడ డబ్బులు పెట్టడం దండగ కాదు.

ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లకి హాప్ ఐడీ (మెడికల్‌కి ఇచ్చే నంబర్) వచ్చాక దాంతో వెళ్లాలి, మన దేశం నుంచి వెళ్లే 2 నుంచి 10 ఏళ్ల పిల్లలకి కూడా టీబీ పరీక్ష ఉంటది. అమెరికా ఇమిగ్రెంట్ వీసాకి టీకాల రికార్డు ముఖ్యం. ఒక దేశానికి చేయించింది ఇంకో దేశానికి పనికిరాదు, ఆ ఆశ పెట్టుకోకండి.

పాత టీబీ మచ్చ ఉన్నవాళ్లకి పీఆర్ వచ్చేటప్పుడు మెడికల్ సర్వైలెన్స్ అని ఒక కాగితం కూడా వస్తది. కెనడాలో దిగిన 30 రోజుల్లోపు అక్కడి పబ్లిక్ హెల్త్ వాళ్లకి రిపోర్ట్ చేయాలి. నేను దిగిన వారంలోనే ఫోన్ చేశా, ఒక నర్సు మాట్లాడింది, దగ్గు ఉందా, జ్వరం ఉందా, బరువు తగ్గారా అని అడిగి ఒక ఎక్స్‌రే రాసింది. ఆ ఎక్స్‌రేకి వెళ్లేటప్పుడు అమ్మ ఇచ్చిన పసుపుపచ్చ కవర్ కూడా చేతిలో పట్టుకునే వెళ్లా, అక్కడి డాక్టర్ కూడా ముందు దాన్నే అడిగాడు. మా చెల్లి వాళ్లాయనకి చిన్నప్పుడు నిమోనియా వచ్చి నెలరోజులు ఆస్పత్రిలో ఉన్నాడంట, ఆ కాగితాల కోసం నిన్న నరసరావుపేటలో వాళ్ల నాన్నగారింట్లో అటక దింపిస్తున్నారు.